గుండు దిగితే... గండమే!

మరపడవ ఇంజిను, పోలీసు నడుముకుండే పిస్తోలు, నింగికెగిరే రాకెట్టు... చూడ్డానికి దేనికదే. కానీ మూడింటినీ నడిపించేది మంటకూ పీడనానికీ ఉన్న సంబంధమే. తూటా విషయంలో ఆ లెక్క మిల్లీమీటరు తప్పినా ముప్పే!

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని తీరగ్రామం జువ్వలదిన్నె. ఫిషింగ్ హార్బరుకు 2020లో శంకుస్థాపన జరిగిన ఊరు. ఇలాంటి రేవుల్లో డీజిల్ ఇంజిన్లు విప్పే మెకానిక్కులకు హెడ్ గాస్కెట్ విలువ బాగా తెలుసు. సిలిండర్ హెడ్డును అరగదీస్తే పిస్టన్ పైన ఖాళీ తగ్గుతుంది. అప్పుడు కాస్త మందమైన గాస్కెట్ వేయాలి. లేదంటే లోపల పీడనం పెరిగిపోతుంది. డీజిల్ ఇంజిన్ గాలిని దాదాపు 16 నుంచి 20 రెట్లు కుదిస్తుంది. అంత చిన్న చోటులో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కకొస్తుంది. తూటాలోనూ అంతే!

చోటు తగ్గితే...

ఇత్తడి కేసు, అడుగున ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు... తూటా అంటే ఇంతే. పిన్ను ప్రైమరును కొట్టగానే మందు అంటుకుని వాయువవుతుంది. ఆ వాయువే గుండును గొట్టంలోంచి బయటికి తోస్తుంది. గుండు కేసులోకి ఎంత లోతుగా దిగితే మందు మండే చోటు అంత తగ్గుతుంది. ఆధునిక తూటాల్లో వాడే మందుకు మరో గుణమూ ఉంది. పీడనం పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా మండుతుంది. వేగంగా మండితే పీడనం మళ్లీ పెరుగుతుంది. అగ్గికి ఆజ్యం పోసినట్టన్నమాట!

కాల్చిన కేసుల్లో మళ్లీ మందు నింపి వాడుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు. దీన్నే రీలోడింగ్ అంటారు. అక్కడి స్పియర్ కంపెనీ తన రీలోడింగ్ పుస్తకంలో ఓ పరీక్ష వివరాలిచ్చింది. 9 ఎంఎం తూటాలో గుండును అంగుళంలో వెయ్యింట 30 వంతులు, అంటే సుమారు ముప్పావు మిల్లీమీటరు అదనంగా లోపలికి దించారు. 28,000 ఉన్న పీడనం ఏకంగా 62,000కు ఎగబాకింది! రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కట్టే పాతకాలపు లెక్కలివి. మందు మాత్రం రవ్వంత కూడా పెంచలేదు.

మరి వేగమూ రెట్టింపవుతుందా? కాదు. గుండు కాస్త కదిలేలోపే పీడనం శిఖరానికి చేరుతుంది. మందులో ఉన్న శక్తి మాత్రం అంతే. అందుకే వేగంలో లాభం కొంచెం, తుపాకీకి ప్రమాదం కొండంత.

రైఫిల్లో కథ వేరు

రైఫిల్ కేసు పెద్దది. గుండు కాస్త దిగినా చోటు పెద్దగా తగ్గదు. అక్కడ చిక్కు రెండోవైపు నుంచి వస్తుంది. గుండును బయటికి ఉంచి గొట్టంలోని గాడులకు ఆనిస్తే, పరుగందుకునే చోటులేక పీడనం పెరుగుతుంది. కాస్త వెనక్కి దించితే తగ్గుతుంది. మరీ దించితే మళ్లీ పెరుగుతుంది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అలాగని ఈ సంగతి మనకు పట్టనిది కాదు. డ్యూటీ దిగేటప్పుడు పిస్తోల్లోంచి తీసిన తూటానే మర్నాడు మళ్లీ ఎక్కిస్తూ పోతే, ప్రతిసారీ తగిలే దెబ్బకు గుండు కొద్దికొద్దిగా లోపలికి జరగొచ్చు. అందుకే ఒకే తూటాను పదేపదే వాడొద్దనీ, పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయాలనీ నిపుణులు చెబుతారు.

జువ్వలదిన్నెకు దక్షిణాన, అదే తీరంలో ఉంది శ్రీహరికోట. 2010 జనవరి 24న అక్కడ నేలమీద మండించి పరీక్షించిన ఎస్-200 మోటారులో ఘన ఇంధనమే దాదాపు 200 టన్నులు! అదీ పీడనం పెరిగితే వేగంగా మండేదే. ఇంధనంలో చిన్న పగులున్నా మండే ఉపరితలం పెరిగి పీడనం అదుపు తప్పుతుంది. అందుకే ముందే ఎక్స్‌రేలతో జల్లెడ పడతారు.

తూటా అయినా, రాకెట్టయినా... ఎంత మందు పోశామన్నదొక్కటే కాదు, అది మండే చోటు ఎలా ఉందన్నదీ లెక్కే!