కావలివారి కలవరము

మేక కార్జము కోయించుకొని వచ్చినవారికి దాని ముదురు కెంపువన్నెయు, వ్రేలితో నొక్కిన లోనికి దిగెడి మెత్తదనమును దెలిసినవే. క్రొవ్వు పట్టిన కాలేయము అట్లుండదు. పసుపువన్నెకు దిరిగి, కోసిన కత్తికి జిడ్డంటును. స్కానింగు చీటిమీద 'ఫ్యాటీ లివర్' అని వైద్యులు వ్రాయునది దీనినే. కాలేయకణములలో నూటికి ఐదింటికి మించి క్రొవ్వుబొట్లు చేరినచో ఆ పేరు చెల్లును. మద్యమెరుగని వారిలోను కాలేయము క్రొవ్వి, వాచి, మచ్చగట్టుటను 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వర్ణించి దానికొక పేరు పెట్టిరి. అయితే క్రొవ్వు చేరిన వారందరికిని వాపు రాదు. వచ్చినచోట మాత్రము, క్రొవ్వుతోపాటు కాలేయపు రక్షకకణములును బోనెక్కవలసినవే.

ఈ కణముల చరిత్ర ఒక పొరపాటుతో మొదలైనది. 1876లో జర్మను శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ కుప్ఫర్ కాలేయపు పలుచని తునకలకు బంగారపు లవణము పట్టించి, నక్షత్రాకారమున నల్లబడిన కణములను గాంచెను. నెత్తుటిలోని చెత్తను మ్రింగెడి కణములును అవియే యని తరువాత తలచెను. ఆయన పేరు ఆ మ్రింగెడి వానికే స్థిరపడెను. ఆయన మొదట చూచిన నక్షత్రములు వేరనియు, అవి ఎ-విటమినును క్రొవ్వుబొట్లలో దాచుకొను ప్రక్కింటి కణములనియు 1971లో జపాను శాస్త్రజ్ఞుడు కెంజిరో వాకే నిరూపించువరకు, పొరుగువారిద్దరును ఒకే పేరున చలామణి యైరి. నాకిది విడ్డూరముగా దోచదు. రోగమున వీరిద్దరి వ్యవహారమును విడదీయుట నేటికిని కష్టమే.

కాలేయమునకు చేరు నెత్తురులో ముప్పాతిక వంతు జీర్ణావయవముల మీదుగా పోర్టల్ సిర వెంట వచ్చును. దానితో సూక్ష్మజీవుల గోడల తునకలును కొట్టుకొని వచ్చును. నాళమున కాపుండు కుప్ఫర్ కణము వానిని సద్దుచేయక మ్రింగి యూరకుండును. క్రొవ్వు మితిమీరి కాలేయకణములు నశించుచుండగా, ప్రేగుల గోడ కట్టు సడలి తునకల రాక హెచ్చగా, అదే కణము టి.ఎన్.ఎఫ్. వంటి సంకేతద్రవ్యములను వెదజల్లి, ఎముకల మూలుగలో బుట్టిన మోనోసైటులు అను తెల్లకణములను రప్పించును. పాతకాపులు పలువురు నశింతురు. వారి తావున కుదురుకొన్న క్రొత్తవారికి ఆవేశమెక్కువ. ఈ సంకేతములకు లోబడి పొరుగు నక్షత్రకణము విటమినును విడిచి, మచ్చకు మూలమైన కొల్లాజెన్ పోగులు నేయ నారంభించును. చిరుగునకు వేసిన మాసికవలె మొదలైన ఆ నేత ఏండ్లతరబడి సాగినచో, మెత్తని కార్జము బుడిపెలు దేలిన గట్టిగడ్డయగును, అదియే సిరోసిస్.

అట్లని క్రొత్తవారి రాకనే అరికట్టిన పోదా? ఆ తలపుతో చేసిన సెనిక్రివిరాక్ అను మందు, పెద్దయెత్తున జరిగిన పరీక్షలో మచ్చను తగ్గింపలేక మూలబడెను. బరువులో నూటికి పదిపాళ్లు తగ్గించుకొన్నవారిలో మాత్రము, అనేకులకు వాపు చల్లారి మచ్చయు పలుచబడును. మచ్చ కరుగుచున్న కాలేయమును ఎలుకలలో పరిశీలింపగా, కొల్లాజెన్ పోగులను ఖండించు ఎంజైములను స్రవించుచు గానవచ్చినవి, మునుపు మూలుగనుండి దండెత్తి వచ్చిన ఆ మోనోసైటుల సంతతియే.