ట్రాక్టరు నూనె గొట్టములను కలుపుట, విడదీయుట

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్ట రైతులకు ట్రాక్టరు ఒక్క పనికే పరిమితమైన యంత్రము కాదు. ఉదయము పత్తి చేనిలో రివర్సిబుల్ నాగలిని లాగిన బండియే మధ్యాహ్నము ఎరువు తోలు హైడ్రాలిక్ ట్రక్కునకు కట్టబడును. చాలు చివర నాగలిని తిరుగవేయుటకును, ట్రక్కు తొట్టిని పైకెత్తుటకును వలయు బలము నూనె గొట్టముల ద్వారా వచ్చును. రోటవేటరు పీటీవో షాఫ్టుతో తిరుగునది గాన దానికి సాధారణముగా ఈ గొట్టములతో పనిలేదు. గొట్టములుగల పనిముట్టును మార్చినప్పుడెల్ల కప్లింగును ఊడదీసి మరల కలుపవలసియుండును. చూచుటకిది చిన్న పనియే. అశ్రద్ధ చేసినచో నూనె పోవును, పంపు చెడును, ఒక్కొక్కప్పుడు చేయియే పోవును. కావున దీని విధమును సభ్యులకు వివరింపదలచితిమి.

మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అంతటను సమముగా వ్యాపించును. ఈ సూత్రమును 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు వెల్లడించెను. దాని ననుసరించి జోసెఫ్ బ్రామా 1795లో ఇంగ్లండున హైడ్రాలిక్ ప్రెస్సునకు పేటెంటు పొందెను. పత్తి మిల్లులలో దూదిని బేళ్ళుగా నొక్కు యంత్రము ఆ జాతిదే. ట్రాక్టరు పంపు నూనెను సాధారణముగా చదరపు అంగుళమునకు 2000 మొదలు 3000 పౌనుల వరకు నొక్కగలదు. వెనుక టైరులోని గాలి సుమారు 12 మొదలు 20 పౌనులేయని తలచినచో ఇది ఎంతటి బలమో బోధపడును.

కప్లింగునకు రెండు ముక్కలు కలవు. ట్రాక్టరు వెనుక నుండునది ఆడ ముక్క. గొట్టపు కొన నుండునది మగ ముక్క. రెంటిలోను స్ప్రింగుతో మూసికొను చిన్న కవాటము లుండును. ముక్కలు కలిసినప్పుడు ఈ కవాటములు ఒకదానినొకటి వెనుకకు నెట్టుకొని నూనెకు దారి యిచ్చును. విడిపోగానే దారి మూతపడును. ఇందువలన నూనె కారదు గాని, గొట్టములోని ఒత్తిడియు బయటికి పోజాలదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఒత్తిడి యుండగా తీసిన గొట్టమును మరల పెట్టబోయినచో లోపలి నూనె కవాటమును వెనుకకు పోనీయదు. సరిగా తీసిన గొట్టమైనను వేసవి యెండలో పడియున్నచో లోపలి నూనె వేడెక్కి, వ్యాకోచించుటకు చోటులేక ఒత్తిడిని పుట్టించును. ఉదయము సులభముగా పట్టిన కప్లింగు మధ్యాహ్నము పట్టకపోవుటకు ఇది యొక కారణము.

అట్టి సమయమున కవాటపు మొనను రాతితో కొట్టుటగాని, స్పానరుతో బిగింపును వదులుచేయుటగాని ఎంతమాత్రము కూడదు. నూనె ఒక్కపెట్టున చిమ్మును. ఎత్తియున్న పనిముట్టు కూలును. పనిముట్టును నేలకు దింపి, గొట్టమును నీడన చల్లారనిచ్చి, మరల ప్రయత్నింపవలెను. అప్పటికిని పట్టకున్న మెకానిక్కును పిలుచుటయే మేలు.

తీయునప్పుడు బండిని సమతలమున నిలిపి, నాగలిని నేలకు ఆనించి, తొట్టిని పూర్తిగా దింపవలెను. ఇంజను ఆపి, ఆ గొట్టమునకు సంబంధించిన లివరును ముందునకును వెనుకకును నాలుగైదు సారులు కదపవలెను. చిక్కుకొన్న ఒత్తిడి దీనితో టాంకులోనికి పోవును. కొన్ని క్రొత్త బండ్లలో తాళపుచెవి తిప్పియున్నప్పుడే లివరు పనిచేయును; బండితో వచ్చిన పుస్తకము చూడవలెను. పిమ్మట కప్లింగు చుట్టు గుడ్డతో తుడిచి గొట్టమును ఊడదీయవలెను. వెంటనే రెండు ముక్కలకును మూతలు పెట్టి, గొట్టమును నేలపై పడవేయక పనిముట్టు మీద వ్రేలాడదీయవలెను.

కలుపునప్పుడు రెండు కొనలను శుభ్రమైన గుడ్డతో తుడిచి, టక్కుమని చప్పుడగు వరకు నొక్కి, ఒకమారు లాగి చూడవలెను. సగము పట్టినచో దారి పూర్తిగా తెరువబడదు. లేచిన తొట్టి దిగకపోవుట, కప్లింగు కాగుట దీని గుర్తులు. నాగలికి గొట్టములు రెండు గాన, అవి తారుమారైనచో లివరునకు పని ఎదురుగా జరుగును. జతకొక రంగు పూసికొన్నచో ఈ పొరపాటు రాదు.

మూత విషయమున మరియొక మాట. పెక్కు ట్రాక్టర్లలో ఈ నూనెయు గేరుపెట్టె నూనెయు ఒక్కటే. మూతలేని కొనకంటిన నల్లరేగడి దుమ్ము పంపునకును, గేర్లకును పోవును. అంతేగాక ఒకరి ట్రక్కు జాకీలోని నూనె ఆ ట్రక్కును కట్టిన ప్రతివారి ట్రాక్టరులోను కలియును. పనిముట్టు చేతులు మారుచోట ఒకరి అశ్రద్ధకు పలువురు ఖర్చు పెట్టుకొనవలసి వచ్చును.

ఇక ప్రాణాపాయములు రెండు. గొట్టమునకు సూదిబెజ్జము పడినచో దానిని చేతితో తడవి చూడరాదు. ఇంజను ఆపి, ఒత్తిడి తీసి, గొట్టము మార్పింపవలెను. ఎక్కడ కారుచున్నదో చూడవలసినచో దూరముగా నుండి అట్టముక్కను అడ్డుపెట్టవలెను. ఆ సన్నని ధార చర్మమును తొలుచుకొని లోనికి పోవును. గాయము చీమకుట్టినట్లు చిన్నదిగా నుండి, మొదట నొప్పియు అంతగా నుండకపోవచ్చును. లోపల కండ చెడుచునే యుండును. గంటలలోనే శస్త్రవైద్యుని చేరి, ఒత్తిడిగల నూనె లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. ఆలస్యమైనచో వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చును. రెండవది, లేచిన తొట్టి క్రిందికి నూనెను నమ్మి పోరాదు. తప్పనిసరియైనచో తొట్టిని ఖాళీచేసి, గట్టి ఇనుప ఆధారము నిలిపిన పిమ్మటనే పోవలెను.

ఈ సంగతులను సభ్యులు తమ డ్రైవర్లకును, బండి యెక్కు కుమారులకును చెప్పి, పనిముట్ల పెట్టెలో రెండు శుభ్రమైన గుడ్డలు, నాలుగు మూతలు, ఒక అట్టముక్క ఎల్లప్పుడు నుండునట్లు చూడవలెనని కోరుచున్నాము.