ఎత్తు పెంచిన జీపుకు ఏ స్ప్రింగు, ఏ షాక్ అబ్జార్బరు?

కొన్నేళ్ళ క్రితం నా మిత్రుడొకడు పాత మారుతి జిప్సీ కొన్నాడు. మన్యంలో తిరగాలంటే బండి ఎత్తుగా ఉండాలని ఎవరో చెప్పారట. ఒక షెడ్డుకు తీసుకెళ్ళి ప్రతి కమానులోనూ అదనపు పట్టీలు వేయించాడు. బండి దాదాపు 5 సెంటీమీటర్లు పైకి లేచింది. చూడడానికి మహా ఠీవిగా ఉంది. మేమంతా మెచ్చుకున్నాం కూడా.

మొదటిసారి చింతపల్లి వైపు వెళ్ళినప్పుడు ఒక వాగు దాటాల్సి వచ్చింది. నీళ్ళు మోకాలి లోతు లేవు గాని అడుగున బండరాళ్ళున్నాయి. ముందు ఎడమ చక్రం ఒక రాయి ఎక్కింది, వెనుక కుడి చక్రం మరో రాయి ఎక్కింది. మిగిలిన రెండు చక్రాలూ గాలిలో తేలి గిర్రున తిరగసాగాయి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా బండి అంగుళం కదల్లేదు. ఇంతలో వెనకాలే ఒక పాత సర్వీసు జీపు వచ్చింది. దానికి ఏ మార్పులూ లేవు, లోపల మాత్రం పదిమంది జనం. మా పక్కనుంచే, అవే రాళ్ళ మీదుగా, పడవలా ఊగుతూ అవతలి ఒడ్డుకు చేరిపోయింది.

ఎత్తు పెంచిన బండి ఎందుకు ఆగింది? పెంచని బండి ఎలా దాటింది? ఈ ప్రశ్నకు జవాబు మీ ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

ఎత్తు దేనికి?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. జిప్సీలోనూ పాత మహీంద్రా జీపుల్లోనూ ఇరుసు ఒకే గట్టి గొట్టం. దానికి బుర్రలాంటి డిఫరెన్షియల్ అతికి ఉంటుంది. సాధారణంగా నేలకు అన్నింటికంటే దగ్గరగా ఉండేది ఆ బుర్రే. స్ప్రింగులు ఉండేది ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య. కాబట్టి ఎంత పొడవు స్ప్రింగులు వేసినా ఆ బుర్ర ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు! దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే.

మరి స్ప్రింగులతో ఎత్తు పెంచితే లాభమేమిటి? పెద్ద టైరుకు మడ్‌గార్డు కింద చోటు దొరుకుతుంది. బండి పొట్ట కూడా నేలకు దూరమవుతుంది. జిప్సీ ఇరుసుల మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. పొట్ట కింద 25 సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకుంటే, టైర్ల గుండ్రదనాన్ని వదిలేసి లెక్క కట్టినా, అది తగలకుండా దాటగలిగే గట్టు కోణం సుమారు 24 డిగ్రీలు. ఖాళీని 30 సెంటీమీటర్లు చేస్తే అది 28 డిగ్రీలవుతుంది. త్రికోణమితి చదివినవారు కాగితం మీద బొమ్మ గీసి సరిచూసుకోవచ్చు. లాభం ఉన్నమాట నిజమే. అయితే ఆ ఎత్తు ఏ విధంగా వచ్చిందన్నదే అసలు సంగతి.

ఒకే ఎత్తు, రెండు దారులు

స్ప్రింగు ఎంత బలంతో నొక్కితే అంత దామాషాలో కుంగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక మిల్లీమీటరు కుంగడానికి కావలసిన బలాన్ని ఆ స్ప్రింగు గట్టిదనం అందాం.

జిప్సీ బరువు ఇంచుమించు ఒక టన్ను. చక్రాలు, ఇరుసులు స్ప్రింగుల కింద ఉంటాయి కాబట్టి వాటి బరువు తీసేసి, ఒక్కో మూల స్ప్రింగు మీద 200 కిలోలు పడుతున్నాయనుకుందాం. అంటే సుమారు 1,960 న్యూటన్లు. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లయితే అది 98 మిల్లీమీటర్లు కుంగి నిలుస్తుంది.

ఇప్పుడు ఇదే ఆకారంలో, రెండింతల గట్టిదనం గల స్ప్రింగు వేద్దాం. మిల్లీమీటరుకు 40 న్యూటన్లు. ఇది 49 మిల్లీమీటర్లే కుంగుతుంది. బండి 49 మిల్లీమీటర్లు పైకి లేచినట్లే కదా! మా మిత్రుడికి దొరికిన ఎత్తు ఇలాంటిదే. కమానులో పట్టీల సంఖ్య పెరిగితే గట్టిదనం అదే దామాషాలో పెరుగుతుంది. పట్టీ మందం విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే గట్టిదనం మందం ఘనాన్ని అనుసరిస్తుంది. 6 మిల్లీమీటర్ల పట్టీల స్థానంలో 7 మిల్లీమీటర్లవి వేస్తే కంటికి తేడా కనిపించదు గాని గట్టిదనం దాదాపు 1.6 రెట్లవుతుంది.

రెండో దారి ఏమిటంటే, గట్టిదనం 20 దగ్గరే ఉంచి కమాను వంపును పెంచడం. కాయిల్ స్ప్రింగయితే దాని పొడవు పెంచడం. ఇది కూడా 98 మిల్లీమీటర్లే కుంగుతుంది, కాని అంత ఎత్తు నుంచి మొదలవుతుంది కాబట్టి బండి 5 సెంటీమీటర్లు పైన నిలుస్తుంది. బయట నుంచి టేపు పెట్టి కొలిస్తే రెండు బండ్లూ ఒక్కటే. లోపల మాత్రం వేరు.

ఎలాగో చూడండి. చక్రం కింద గుంట వచ్చినప్పుడు స్ప్రింగు సాగి చక్రాన్ని నేలకు అదిమి ఉంచాలి. ఎంత దూరం అదమగలదు? తాను ఎంత కుంగి ఉందో అంతే! మెత్తని స్ప్రింగు 98 మిల్లీమీటర్ల దాకా చక్రాన్ని నొక్కగలదు. గట్టిది 49 మిల్లీమీటర్లకే చేతులెత్తేస్తుంది. ఆపైన చక్రానికి ఇరుసు బరువు తప్ప మరే ఒత్తిడీ ఉండదు. ఒత్తిడి లేనిచోట పట్టు ఉండదు. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులా సమానంగా తిప్పే బలాన్ని ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రం తిరగడానికి బలమేమీ అక్కర్లేదు కాబట్టి నేల మీదున్న చక్రానికి కూడా అంతే, అంటే దాదాపు సున్నా అందుతుంది. ముందొక చక్రం, వెనుకొక చక్రం మూలమట్టంగా ఇలా లేచిపోతే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా లేనట్లే.

వాగులో జరిగింది ఇదే. ఆ సర్వీసు జీపులో కూర్చున్న పదిమందీ తమకు తెలియకుండానే స్ప్రింగులను బాగా కుంగదీసి ఉంచారు. అందువల్ల వాటికి సాగడానికి బోలెడంత జాగా మిగిలింది. మేం ఇద్దరమే ఉన్నాం, పైగా గట్టి స్ప్రింగులు.

అలాగని గట్టి స్ప్రింగు ఎప్పుడూ తప్పేనా? కాదు. బండికి ఉక్కు బంపరు, వించి, నీళ్ళ డబ్బాలు శాశ్వతంగా చేర్చి ఒక్కో మూల మీద 300 కిలోలు పడుతుంటే, మిల్లీమీటరుకు 30 న్యూటన్ల స్ప్రింగు మళ్ళీ 98 మిల్లీమీటర్లే కుంగుతుంది. అప్పుడు అదే సరైన స్ప్రింగు. కాబట్టి స్ప్రింగులు కొనేముందు వెళ్ళాల్సింది దుకాణానికి కాదు, లారీ కాటాకు. మామూలుగా వేసుకునే సామానంతా వేసుకుని, ముందు ఇరుసును ఒకసారి, వెనుక ఇరుసును ఒకసారి తూకం వేయించండి. ఎన్ని అంగుళాల ఎత్తు కావాలని అడిగే దుకాణదారుకంటే బండి బరువెంత అని అడిగేవాడు మేలు.

పాత పట్టీలనే సుత్తితో కొట్టి వంపు పెంచేవాళ్ళు ఉన్నారు. స్ప్రింగు ఉక్కు బలమంతా దాన్ని కాచి చల్లార్చే ప్రక్రియలో ఉంది. అది మళ్ళీ సక్రమంగా చేయకపోతే ఆ వంపు కొన్నాళ్ళకే వాలిపోతుంది.

ఆముదంలో ప్రయోగం

ఒక చిన్న స్ప్రింగుకు బరువు కట్టి వేలాడదీసి, కొంచెం లాగి వదలండి. చాలాసేపు ఊగుతుంది. ఇప్పుడు ఆ బరువును గ్లాసెడు నీళ్ళలో మునిగేలా చేసి వదలండి. త్వరగా ఆగుతుంది. ఆముదంలో అయితే ఒకటి రెండు ఊపులకే ఆగిపోతుంది. దీన్నే అవరుద్ధ డోలనం అంటారు.

షాక్ అబ్జార్బరు చేసేది ఇదే. పేరులో షాక్ ఉన్నా కుదుపును మింగేది స్ప్రింగే. ఆ తర్వాత స్ప్రింగు ఊగుతూ ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బరు. దానిలో ఒక పిస్టను, దాని సన్నని రంధ్రాల గుండా దూరే నూనె ఉంటాయి. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారిపోతుంది. అది బండిని మోయదు. కాబట్టి షాక్ అబ్జార్బరు మార్చి ఎత్తు పెంచుదామనుకుంటే డబ్బు దండగ.

మన రెండు స్ప్రింగులకు వద్దాం. మెత్తనిది సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతుంది. గట్టిది 2.25 సార్లు. మనిషి తీరికగా నడిచే లయకు దగ్గరగా, సెకనుకు 1 నుంచి 1.5 సార్లు ఊగే బండి ఒంటికి హాయిగా ఉంటుంది. రెండు దాటితే నడుము ఫిర్యాదు చేస్తుంది. ఇక ఊపును పూర్తిగా అణచడానికి కావలసిన నిరోధం గట్టిదనానికీ ద్రవ్యరాశికీ గల లబ్ధపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. గట్టిదనం రెండింతలైతే నిరోధం 1.41 రెట్లు కావాలి. అంటే స్ప్రింగు మార్చి పాత షాక్ అబ్జార్బరునే ఉంచేస్తే, నిన్నటిదాకా సరిపోయినదే ఇవాళ చాలదు. పూర్తిగా అణిచేసినా ప్రమాదమే, ప్రతి గులకరాయీ నేరుగా సీటుకు తగులుతుంది. అందుకే సాధారణంగా పూర్తి నిరోధంలో ఐదో వంతు నుంచి రెండైదో వంతులదాకానే ఉంచుతారు. స్ప్రింగు సాగేటప్పుడు ఎక్కువ, కుంగేటప్పుడు తక్కువ నిరోధం ఉండేలా కవాటాలు అమరుస్తారు.

కమానులకు ఇంకో విశేషముంది. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కాబట్టి సొంతంగానే కొంత నిరోధం ఉంటుంది. ఒకటి రెండు పట్టీలతో చేసే పారబోలిక్ కమానుల్లో ఈ రాపిడి తక్కువ. అవి మెత్తగా నడుస్తాయి, కాని వాటికి బలమైన షాక్ అబ్జార్బర్లు తోడు కావాలి. ఈ సంగతి మరిచి ఒకటి మాత్రమే మార్చినవారి బండి గతుకుల్లో గుర్రంలా గెంతుతుంది.

అలలు తేలిన మట్టిరోడ్డు మీద మరో ఇబ్బంది. అలల మధ్య 80 సెంటీమీటర్ల దూరం ఉండి, బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే, సెకనుకు 12 కుదుపులకు పైనే. నూనె కాగి పలచబడుతుంది, నురగ కడుతుంది. నురగలో కదిలే పిస్టనుకు నిరోధమేదీ? అందుకే నైట్రోజన్ వాయువు నింపిన షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. ఒకే గొట్టంగా ఉండే మోనోట్యూబు రకంలో వాయుపీడనం చాలా ఎక్కువ, వేడి కూడా త్వరగా బయటికి పోతుంది. కాని రాయి తగిలి గొట్టం సొట్టపడితే పిస్టను అక్కడే బిగుసుకుంటుంది. రాళ్ళ దారిలో మెల్లగా నడిచే బండికి రెండు గొట్టాల రకం చాలునని నా అభిప్రాయం.

పొడవుల లెక్క

పాత షాక్ అబ్జార్బరు ముడుచుకుంటే 320, పూర్తిగా సాగితే 520 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. బండి నిలిచి ఉన్నప్పుడు 420. అంటే పైకి 100, కిందికి 100. బండిని 50 మిల్లీమీటర్లు లేపితే అది 470 దగ్గర నిలుస్తుంది. ఇక చక్రం దిగడానికి 50 మిల్లీమీటర్లే మిగిలింది. మంచి మెత్తని స్ప్రింగు వేసి కూడా, పొట్టి షాక్ అబ్జార్బరుతో చక్రాన్ని కట్టేసినట్లవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

పొడవుది తెచ్చారనుకోండి. పిస్టను నడక 50 మిల్లీమీటర్లు పెరగాలంటే గొట్టం కూడా అంతే పెరగాలి. ముడుచుకున్నప్పుడు 370, సాగినప్పుడు 620 అవుతుంది. 470 దగ్గర నిలిస్తే కిందికి 150, పైకి 100. బాగానే ఉంది గాని, స్ప్రింగు మాత్రం 150 దాకా కుంగగలదు. పెద్ద గుంటలో షాక్ అబ్జార్బరు ముందే అడుగంటి, లోహానికి లోహం తగిలి పగులుతుంది. కాబట్టి ఛాసిస్ కింద ఉండే రబ్బరు దిమ్మను, అంటే బంప్ స్టాపును, 50 మిల్లీమీటర్లు కిందికి దింపాలి. ఖర్చు స్వల్పమే, కాని దాన్ని ఎవరూ గుర్తుంచుకోరు.

హుక్‌కు మళ్ళీ పని

గేరు పెట్టె నుంచి ఇరుసుకు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు కొసల్లో ఉండే కీలుకు హుక్ కీలు అనే పేరు కూడా ఉంది. స్ప్రింగు నియమం చెప్పిన హుక్కే! బండి ఎత్తు పెరిగితే షాఫ్టు ఏటవాలుగా నిలుస్తుంది. ఒక కీలు వంపు 10 డిగ్రీలైతే అవతలి కొస వేగం ప్రతి చుట్టులో ఒకటిన్నర శాతం అటూ ఇటూ మారుతుంది. 20 డిగ్రీలకు అది 6 శాతం. రెండు కొసల కీళ్ళూ సమాన కోణాల్లో ఉంటే ఈ తేడా రద్దవుతుంది. కమాను కొసనున్న షాకిల్‌ను పొడవు చేసి ఎత్తు పెంచితే ఇరుసు కొంచెం తిరిగి ఆ సమానత్వం పోతుంది, బండి వణుకుతుంది. జిప్సీలో ముందు కమాను షాకిల్ ముందువైపు ఉంటుంది కనుక స్టీరింగు తనంతట తాను నిటారుకు వచ్చే గుణం కూడా తగ్గుతుంది.

బ్రేకు గొట్టాలను తప్పక చూడండి. జాకీ ఛాసిస్ కింద పెట్టి బండిని లేపి, చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు రబ్బరు గొట్టం బిగుసుకుంటే, పొడవు గొట్టం వేయించేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

గురుత్వ కేంద్రం సంగతి మీకు తెలిసిందే. చక్రాల మధ్య వెడల్పు 1.3 మీటర్లు, గురుత్వ కేంద్రం 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, పక్కకు 45 డిగ్రీల దాకా బండి నిలవాలి. 5 సెంటీమీటర్లు లేపితే 43 డిగ్రీలు. ఇది కదలని బండి లెక్క. ఘాట్ రోడ్డు మలుపులో స్ప్రింగులు ఒరిగి ఇంకా తగ్గిస్తాయి. చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. కాబట్టి ఏ మార్పుకైనా ముందు రవాణా కార్యాలయంలో అడగడం అవసరం.

మా మిత్రుడు చివరకు ఆ అదనపు పట్టీలు తీయించేశాడు. కంపెనీ వంపుతో కొత్త కమానులు, వాటికి సరిపోయే షాక్ అబ్జార్బర్లు వేయించాడు. ఎత్తు పోయింది. మరుసటి ఏడు అదే వాగును అదే జిప్సీలో దాటాం. ఈసారి వెనుక సీట్లలో రెండు బస్తాల పసుపు కూడా ఉంది.