ఒక యింట్లో రెండు పంచాంగాలు

సావనీరుకి ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. చదువుల గురించీ, ఉద్యోగాల గురించీ వ్రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను కోనసీమ వాణ్ణి, మా ఆవిడ కోల్‌కతా పిల్ల. ఇవ్వాళ ఈ కళాశాల వరండాల్లో తిరుగుతున్న వాళ్ళలో కొందరైనా రేపు మాలాగే పరభాష వాళ్ళని పెళ్ళాడతారు. వాళ్ళకి పనికొస్తుందని మా యింటి పండుగల సంగతి వ్రాస్తున్నాను.

మా పెళ్ళి సంగతి తెలిసిన వాళ్ళంతా అడిగేవి రెండే ప్రశ్నలు. ఇంట్లో ఏ భాష మాట్లాడుకొంటారు? వంట ఎవరి పద్ధతిలో? నిజానికి ఇవి పెద్ద చిక్కులు కావు. భాష వినగా వినగా వస్తుంది. చేపల పులుసు పెట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆవపిండి వేసిన చేప అలవాటు కావడం ఎంతసేపు? అసలు చిక్కు గోడకి వేలాడే క్యాలెండరులో ఉంది. మతాలు వేరైన జంట ముందే జాగ్రత్తపడి ఒకరినొకరు అడిగి తెలుసుకొంటారు. "ఇద్దరం ఒకే దేవుళ్ళకి మొక్కేవాళ్ళం, పండుగలూ ఒకటే" అనుకొన్న మాలాంటి వాళ్ళకి అడగాలనే తోచదు.

ముందు తేదీల సంగతి చెబుతాను. మన ఉగాది చాంద్రమానం. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే అవుతాయి. సూర్యుడి లెక్కకి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే రెండు మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. బెంగాలీల సంవత్సరాది పొయిలా బొయిశాఖ్ సౌరమానం. అక్కడ అది ఏప్రిల్ 14నో 15నో వస్తుంది, అంతకంటె కదలదు. అందుకని 2023లో మా యింట్లో మార్చి 22న ఉగాది పచ్చడి తిని, ఏప్రిల్ 15న మళ్ళీ కొత్త సంవత్సరం చేసుకొన్నాం. మధ్యలో 24 రోజులు! ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఉగాది ఏప్రిల్ 9కి జరిగింది, ఎడం అయిదు రోజులకి తగ్గింది. సంక్రాంతి మాత్రం ఇద్దరికీ సూర్యుణ్ణి బట్టే గనుక ఒకేసారి వస్తుంది. మా అమ్మ అరిసెలు పంపుతుంది, మా అత్తగారు ఈతబెల్లంతో పిఠాలు చేయిస్తారు.

తేదీలు వేరైతే నష్టమేమీ లేదు, పిండివంటలు రెండుసార్లు. తేదీ ఒకటై అర్థం వేరైనప్పుడే ఇబ్బంది. దానికి దసరాయే పెద్ద ఉదాహరణ.

మనకి విజయదశమి గెలుపు పండుగ. జమ్మి చెట్టుకి పూజ, ఆయుధ పూజ, కొత్త పనికి శ్రీకారం. వాళ్ళకి దుర్గమ్మ పిల్లలతో పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. లక్ష్మి, సరస్వతి, గణపతి, కార్తికేయుడు నలుగురూ తల్లి వెంట వస్తారు. షష్ఠినాడు వచ్చిన బిడ్డ దశమినాడు కైలాసానికి వెళ్ళిపోతుంది. పెళ్ళయిన ఆడవాళ్ళు అమ్మవారి నుదుట సిందూరం పెట్టి, నోటికి మిఠాయి అందించి, ఒకరికొకరు సిందూరం పూసుకొంటారు. ఆ తరువాత నిమజ్జనం. అది అయ్యాకనే "శుభో బిజొయా" అని చెప్పుకోవడం, పెద్దల కాళ్ళకి మొక్కడం. పెళ్ళయిన మొదటి దసరానాడు పొద్దున్నే లేచి స్కూటరుకి నిమ్మకాయ కట్టి, ఉత్సాహంగా "దసరా శుభాకాంక్షలు" అన్నాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు! ఆడపిల్లని అత్తవారింటికి పంపే రోజున శుభాకాంక్షలేమిటని ఆవిడ ప్రశ్న.

ఈ మాట వరంగల్లు మిత్రుడికి చెబితే అతను ఆశ్చర్యపోలేదు. "మా బతుకమ్మను సాగనంపేటప్పుడు మా ఆడోళ్ళ సంగతి గూడ గంతే" అన్నాడు. ఆ మాటతో నాకు విషయం తేలికగా అర్థమైంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. దీపావళి అమావాస్య రాత్రి మనం లక్ష్మీపూజ చేస్తే, వాళ్ళు కాళీపూజ చేస్తారు. వాళ్ళ లక్ష్మీపూజ దసరా వెళ్ళిన పున్నమికే అయిపోతుంది. కాళికి నివేదించిన మేకమాంసాన్ని ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండి, దాన్ని "నిరామిషం" అంటారు! మా అమ్మ ఈ మాట విని ముక్కున వేలేసుకొంది. ఊళ్ళో గ్రామదేవత జాతర గుర్తుచేస్తే మరి మాట్లాడలేదు. భోగినాడు మనం పిల్లల నెత్తిన రేగిపళ్ళు పోస్తాం. బెంగాలులో చదువుకొనే పిల్లలు మాఘ శుద్ధ పంచమినాడు సరస్వతీ పూజ అయ్యేదాకా రేగిపండు నోట పెట్టరు. మా పాప పళ్ళు పోయించుకొంటుంది, తినడం మాత్రం శ్రీపంచమి తరువాతే.

అన్నిటికంటె గట్టి పరీక్ష మా పెళ్ళిలోనే వచ్చింది. మన పద్ధతిలో పెళ్ళికూతురి తల్లి లేనిదే కన్యాదానం సాగదు. తండ్రి వరుడి కాళ్ళు కడుగుతుంటే నీళ్ళు పొయ్యాల్సింది ఆవిడే. బెంగాలీల ఆచారంలో తల్లి కూతురి పెళ్ళి చూడకూడదు, చూస్తే పిల్లకి మంచిది కాదని నమ్మకం. మావాళ్ళు దాన్ని అవమానంగా తీసుకొన్నారు. "కన్నతల్లికే ఇష్టంలేని పెళ్ళి మనకెందుకు?" అన్న మాట కూడా వచ్చింది. అటువైపు ఆవిడ కూతురి మేలుకోరే లోపల గదిలో కూర్చుంది. చివరికి పిల్ల పిన్నీ బాబాయీ పీటలమీద కూర్చున్నారు. తలంబ్రాలవేళ మా అమ్మ ఎవరితోనూ చెప్పకుండా లేచి, ఆ గదిలోకి వెళ్ళి, "వదినగారూ, మీ అమ్మాయి నవ్వుతోంది" అని సైగలతో చెప్పి, అక్కడే ఆవిడ పక్కన కూర్చుండిపోయింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మా రెండు కుటుంబాల బంధుత్వం నిజంగా ఆ గదిలోనే మొదలైంది.

ఇక మిగిలింది సెలవుల తగవు. ఏడాదికి ఒక్కసారే పొడుగు సెలవు. నేను జనవరి అంటే ఆవిడ అక్టోబరు అనేది. కొన్నాళ్ళు వాదించుకొన్నాక తెలిసింది, మేము కొట్లాడుకొంటున్నది పండుగల గురించి కాదని. దూరాన ఉన్న గోదావరి వాడు ఇంటికి చేరాల్సిన పండుగ సంక్రాంతి. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూడకపోతే నాకు ఏడు గడిచినట్టుండదు. కోల్‌కతా పిల్లకి ఇల్లు పిలిచేది దుర్గాపూజలకి. ఆ పూజలు 2021 డిసెంబరులో యునెస్కో జాబితాకి ఎక్కాయి గాని, అంతకుముందు మాత్రం ఆవిడకి తక్కువా? అందుకని సెలవుని రెండు ముక్కలు చేశాం. దసరా అక్కడ, సంక్రాంతి ఇక్కడ. ఉగాదీ, పొయిలా బొయిశాఖూ, దీపావళీ మా సొంత యింట్లో.

మిత్రులారా, పరభాష వాళ్ళని ప్రేమించిన వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. ముహూర్తం పెట్టుకోకముందే ఇద్దరూ ఒక క్యాలెండరు ముందేసుకొని కూర్చోండి. "ఈ రోజు మీ యింట్లో ఏం చేస్తారు?" అని అడిగి ఊరుకోవద్దు. "ఈ రోజు మీ అమ్మకి సంతోషమా, దిగులా?" అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్నకి జవాబు ఏ పంచాంగంలోనూ దొరకదు.