పెన్ను ఫ్రీ... బిల్లు మాత్రం మనది!

మా సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో సాయంత్రం పూట క్లినిక్‌లకి వెళ్తే రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. ఫైళ్లు పట్టుకుని కూర్చున్న పేషెంట్లు, టక్ చేసుకుని పెద్ద బ్యాగుతో నిలబడ్డ మెడికల్ రెప్‌లు. లోపల డాక్టరుగారి టేబుల్ మీద క్యాలెండరు, పెన్ స్టాండు, ప్యాడ్... చాలావాటి మీద ఏదో ఒక మందు పేరు.

"ఆమాత్రం పెన్నుకే డాక్టరు అమ్ముడుపోతాడా?" అంటారేమో. అమ్ముడుపోనక్కర్లేదండీ! చీటీ రాసేటప్పుడు ఆ పేరు ముందుగా గుర్తుకొస్తే చాలు.

అమెరికాలో శిక్షణలో ఉన్న 105 మంది వైద్యుల్ని అడిగి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంపెనీల ప్రచారం తమ మీద పనిచేయదని 61 శాతం మంది చెప్పారు. మరి తోటి డాక్టర్ల మీద? వాళ్లమీదా పనిచేయదన్నది 16 శాతమే! అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

2016లో అక్కడే సుమారు 2.8 లక్షల మంది డాక్టర్ల లెక్కలు తీశారు. కంపెనీ డబ్బుతో ఒక్క పూట భోజనం చేసినవాళ్లు కూడా ఆ కంపెనీ బ్రాండును మిగతావాళ్ల కంటే ఎక్కువగా రాస్తున్నట్టు తేలింది. ఆ భోజనం ఖరీదు సగటున 20 డాలర్ల లోపే. భోజనమే కారణమని ఆ లెక్కలు రుజువు చేయలేదు కానీ, ఒకరింట్లో కాఫీ తాగితే వాళ్లని మనింటికి పిలవాలనిపించడం మనకి తెలియనిదా? అది లంచం కాదు, మొహమాటం. కంపెనీలకు కావాల్సిందీ అదే.

మన దేశంలో డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణాలు, నగదు తీసుకోకూడదని వైద్య మండలి 2009లోనే నిబంధన పెట్టింది. అయినా అపెక్స్ లేబొరేటరీస్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్లకిచ్చిన ఉచితాల ఖర్చుకి ఆ సంస్థ ఆదాయపు పన్ను మినహాయింపు అడిగింది. 2022 ఫిబ్రవరిలో కోర్టు కుదరదంది. ఈ ఉచితాల ఖర్చు చివరికి మందు ధరలోనే కలుస్తుందని తేల్చిచెప్పింది. అంటే కట్టేది మనమే!

2024 మార్చిలో కేంద్రం కొత్త నియమావళి తెచ్చింది. విదేశీ యాత్రలు, ఖరీదైన కానుకలు వద్దంది. కానీ వెయ్యి రూపాయల లోపు డైరీలు, క్యాలెండర్ల వంటివి ఇవ్వొచ్చంది. ఫిర్యాదు వస్తే విచారించేది కంపెనీల సంఘంలోని కమిటీయే. పెద్ద తలుపు మూసి, కిటికీ తెరిచినట్టుంది కదూ!

డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. రెప్‌ని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లూ ఉన్నారు. నెల తిరిగేసరికి టార్గెట్ అందుకోవాల్సిన ఆ రెప్ కుర్రాడి కష్టమూ తక్కువేం కాదు.

మనం చేయగలిగింది ఒకటుంది. చీటీ చేతికొచ్చాక, "డాక్టరుగారూ, ఇదే మందు జనరిక్‌లో దొరుకుతుందా? తక్కువ ధరలో ఇంకో బ్రాండ్ ఉందా?" అని మర్యాదగా అడగండి. షుగర్, బీపీ లాంటి ఏళ్ల తరబడి వాడే మందులకైతే తప్పకుండా అడగండి. జన ఔషధి కేంద్రంలో చాలా మందులు సగం ధరకో, అంతకంటే తక్కువకో దొరుకుతాయి. అయితే డాక్టరుని అడక్కుండా మందు మాత్రం మార్చకండి.

అడిగితే కోప్పడతారేమోనని మొహమాటపడకండి. ఆ మొహమాటం ఖరీదు ప్రతినెలా మన జేబులోంచే పోతుంది.