మలీద ముద్ద తిరిగిన ఊళ్లు

సద్దుల బతుకమ్మ నాడు ఆట ముగిశాక పసుపు గౌరమ్మను తీసి, బతుకమ్మను చెరువులోకి సాగనంపుతారు. గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకుంటారు. ఇక అప్పుడు ఇళ్ల నుంచి తెచ్చిన గిన్నెల మూతలు లేస్తాయి. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. వాటి పక్కనే మలీద. విదేశాల్లో మన సంఘాలు చేసే బతుకమ్మల్లో పూలకూ పాటలకూ పట్టుచీరలకూ లోటు లేదు. ప్రసాదం దగ్గరికొచ్చేసరికి మాత్రం మలీద చోటులో క్యాటరింగ్ వాళ్ల గులాబ్‌జామూన్ వచ్చి కూర్చుంది. గులాబ్‌జామూన్ మీద నాకు కోపం లేదు గానీ, మలీదను వదులుకుంటే పెద్ద కథే పోతుంది.

చేయడం తేలికే. జొన్నవో సజ్జవో గోధుమవో రొట్టెలు కాస్త మందంగా చేసి, పొయ్యి మీద నుంచి దించిన వెంటనే తుంచి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి వేసి దంచాలి. రొట్టె వేడిగా ఉన్నప్పుడే బెల్లం కరిగి దానికి పడుతుంది. చల్లారిందో, ఎంత నెయ్యి పోసినా పిడికిట్లో నిలవక పొడిపొడిగా రాలిపోతుంది. మిక్సీ వేస్తే రెండు తిప్పులు చాలు, ఎక్కువైతే జిగురొస్తుంది. చేత్తో నలిపిన మలీదలో అక్కడక్కడా రొట్టె పలుకులు పంటికి తగులుతాయి, నన్నడిగితే ఆ పలుకుల్లోనే ఉంది దాని రుచంతా.

ఇదే మలీద తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కీ చేస్తారు. మొహర్రం రోజుల్లో పీర్ల కొట్టంలో నిలబెట్టిన పీర్లకు మొక్కుకున్న ఇళ్లవాళ్లు, హిందువులైనా ముస్లింలైనా, మలీద, షర్బత్ తీసుకెళ్తారు. మొహర్రం చాంద్రమాన లెక్క ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, అప్పుడప్పుడూ దసరాతో కలుస్తుంది. 2016లో, 2017లో దసరా మర్నాడే మొహర్రం పదో రోజైన ఆషూరా వచ్చింది. రెండు పండగలూ చేసుకునే ఊళ్లలో గౌరమ్మకూ పీర్లకూ ఒకే వారంలో రొట్టెలు దంచాల్సి వచ్చిందన్నమాట.

పేరు పారసీ నుంచి వచ్చింది. ఆ భాషలో మాలీదా అంటే నలిపినది. గోలకొండ కుతుబ్‌షాహీలు షియాలు, వాళ్ల కొలువులో పారసీకి పెద్దపీట. హైదరాబాదులో పీర్లను నిలిపే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిందే. ఆషుర్‌ఖానాల చుట్టూ పెరిగిన మొహర్రం ఆచారాలు పల్లెలకూ చేరాయి. అయితే రొట్టెను బెల్లంతో నలుపుకుని తినడం మనవాళ్లకు ఎవరో వచ్చి నేర్పాలా? తిండి ఇక్కడిదే అయ్యుండొచ్చు, పేరు మాత్రం కొలువు భాషది. ఆఫ్ఘన్ల ఇళ్లలోనూ రొట్టెను నలిపి చక్కెర, యాలకులు కలిపి చేసే తీపిని మలీదా అనే పిలుస్తారు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన మలీద కొంకణ తీరంలో ఉంది. అక్కడి బెనె ఇజ్రాయెల్ యూదుల మాతృభాష మరాఠీ. ఓడ పగిలి అలీబాగ్ దగ్గర నౌగావ్‌లో ఒడ్డుకు చేరినవాళ్ల సంతతి తామని చెప్పుకుంటారు. నూనె గానుగలు ఆడించి బతుకుతూ శనివారం మాత్రం పని ముట్టకపోవడంతో చుట్టుపక్కలవాళ్లు వాళ్లను శనివార్ తేలీలు అన్నారు. మొక్కు తీరినా, పెళ్లి కుదిరినా, కొత్త ఇంట్లో చేరినా వాళ్లు ఏలీయా ప్రవక్త పేరు మీద మలీద చేస్తారు. అందులో రొట్టె ఉండదు. నానబెట్టిన అటుకుల్లో చక్కెర, కొబ్బరి కోరు, యాలకులు, ఎండు ద్రాక్ష కలిపి, చుట్టూ పళ్లు పేర్చి పళ్లెం ముందు హీబ్రూలో ప్రార్థన చదువుతారు. హీబ్రూ ప్రార్థన, పారసీ పేరు, కొంకణపు కొబ్బరి అన్నీ ఒక్క పళ్లెంలోనే! 1948 తర్వాత వాళ్లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డారు, మలీద కూడా వాళ్ల వెంటే వెళ్లింది. వలస వెళ్లిన చోట వాళ్లు దాన్ని కేకుతో సరిపెట్టుకోలేదన్నది మనం గమనించాలి.

మన పిల్లలకు తెలుగు నేర్పడానికి వారాంతపు బడులు పెట్టుకున్నాం, మంచిదే. కానీ దంచు, నలుపు, తుంచు, ముద్ద కట్టు లాంటి మాటలు పుస్తకంలో చదివితే ఒంటబట్టవు. చేతికి నెయ్యి అంటుకుని, పక్కనున్న అమ్మమ్మ “గట్టిగ ఒత్తు బిడ్డా, ఇచ్చుకపోతది” అంటే తప్ప రావు. అందుకే ఈసారి సద్దుల నాటి తీపిని హోటలుకు అప్పజెప్పకుండా ఇళ్లకు పంచుకుందామని నా మాట. హాల్లో పొయ్యి ఉండదు కాబట్టి రొట్టెలు ఇంట్లోనే నలిపి, ముద్దలు కట్టి తేవాలి. జీడిపప్పు, బాదం వేసినవాళ్లు గిన్నె మూత మీద ఆ సంగతి రాసి పెట్టండి, పప్పులు పడని పిల్లలు ఉంటారు.