టిక్కు టిక్కు చెప్పినట్టే పాడాలా?



భజనలు, కోలాటాలు చేసుకునే మహిళా బృందాలు ఇప్పుడు మన పట్టణాల్లో చాలా చోట్ల కనిపిస్తున్నాయి. నాలుగు పాటలు బాగా వచ్చేసరికి "వీటిని రికార్డు చేయించుకుంటే ఎంత బాగుంటుందో" అని ఎవరో ఒకరు అనకపోరు. ఒకప్పుడైతే ఆ పని మీద మద్రాసు పోవలసి వచ్చేది. ఇప్పుడు ఒక గది, ఒక కంప్యూటరు, రెండు మంచి మైకులు ఉంటే చాలు. అయితే అక్కడికి వెళ్లాక మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "క్లిక్ పెట్టమంటారా, వద్దా?" అని అడుగుతారు. ఈ క్లిక్ అంటే ఏమిటి, ఎప్పుడు కావాలనాలి, ఎప్పుడు వద్దనాలి అనే సంగతి ముందే తెలిసి ఉంటే డబ్బూ కలిసివస్తుంది, మనసూ నొచ్చుకోదు. తెలియక మేము రెండూ పోగొట్టుకున్నాం కనుకనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మా బృందంలో సగం మందిమి నంద్యాలవాళ్లం, సగం మంది ఆళ్లగడ్డవాళ్లు. సంక్రాంతికి అహోబిలం స్వామి పల్లకీ పారువేటకు బయలుదేరి ఊరూరా తిరుగుతుంది కదా, ఆ రోజుల్లో వినిపించడానికని ఒక కీర్తన, ఒక కోలాటం పాట రికార్డు చేయించబోయాం. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన పెద్దమ్మ చేతిలో చిడతలున్నాయి. ముప్పయ్యేళ్లుగా మా అందరి నడకా ఆ చిడతల మీదే. రికార్డు చేసే అబ్బాయి మా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. లోపల టిక్కు, టిక్కు, టిక్కు. కీర్తన బాగానే వచ్చింది. కోలాటం పాట దగ్గరే వచ్చింది చిక్కు. రెండో చరణానికే "అమ్మా, మీరు ముందుకు పోతున్నారు" అని ఆపేశాడు. మళ్లీ మొదలు, మళ్లీ ఆపడం. ఏడోసారి పెద్దమ్మ చిడతలు కింద పెట్టేసింది.

"నాయనా, మేము పాడేది దానికి వినపడుతుందా?" అని అడిగింది.

"వినపడదు పెద్దమ్మా, మనమే దాన్ని వినాల" అన్నాడు.

"మన మాట విననిదానితో కలిసి పాడేదెట్ల నాయనా!" అన్నదామె.

ఆ రోజుకు అంతే. గంటల లెక్కన డబ్బు కట్టి, ఒక్క పాటతో ఇంటికొచ్చాం. ముప్పయ్యేళ్లుగా వేస్తున్న తాళం తప్పని ఒక యంత్రం చెప్పిందే అన్న బాధతో పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత తీరిగ్గా విచారిస్తే తెలిసిందేమిటంటే, తప్పు ఆమెదీ కాదు, ఆ అబ్బాయిదీ కాదు. ఏ పాటకు క్లిక్ కావాలో మేము ముందుగా తేల్చుకోలేదు.

ఇంతకూ ఈ టిక్కు టిక్కు కొత్తదేమీ కాదు. మెట్రోనోము అనే తాళం కొట్టే యంత్రానికి మేల్జెల్ అనే ఆయన 1815లో పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1817లో, బీథోవెన్ అంతటివాడు తన సింఫనీలు నిమిషానికి ఎన్ని దెబ్బల నడకలో సాగాలో ఆ యంత్రం లెక్కలోనే ప్రకటించాడు. ఆ తరువాత మాటల సినిమా వచ్చింది. తెరమీద బొమ్మ అడుగు వేసిన క్షణానికే డప్పు మోగాలంటే ఏం చేయాలి? ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. శబ్దం ఉండే పట్టీ మీద ప్రతి 12 బొమ్మలకూ ఒక చిల్లు పొడిస్తే, నిమిషానికి సరిగ్గా 120 టిక్కులు వినపడతాయి. వాద్యగాళ్లు ఆ టిక్కులు చెవిలో వింటూ వాయించేవారు. 1930ల నాటికే హాలీవుడ్‌లో ఈ పద్ధతి ఉంది. క్లిక్ ట్రాక్ అన్న పేరు అలా వచ్చిందే.

మరి సినిమా బొమ్మ లేని మన భజన పాటకు ఇదెందుకు? పాతకాలంలో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకే గదిలో కూర్చుని పాటంతా ఒక్కసారిగా పూర్తిచేసేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటే తాళం దానంతటదే కలిసేది. ఇప్పటి రికార్డింగు మన టిఫిన్ క్యారియరు వంటిది. గొంతు ఒక గిన్నె, డోలక్ ఒక గిన్నె, కీబోర్డు ఒక గిన్నె. ఒక్కొక్కటీ ఒక్కో రోజు నింపి, చివరికి ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. అంచులు ఒకే కొలతలో లేకపోతే క్యారియరు కూర్చోదు. ఆ కొలతే క్లిక్.

చిన్న లెక్క చూడండి. 288 దెబ్బల పాటను నిమిషానికి 72 చొప్పున పాడితే సరిగ్గా నాలుగు నిమిషాలు పడుతుంది. అదే పాట 80 చొప్పున పాడితే 3 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. ఈరోజు మనం 80లో పాడి వస్తే, రేపు డోలక్ ఆయన 72లో వాయిస్తే, కలిసేదెలాగ? మొదటి చరణంలో ఎవరికో దగ్గు వచ్చిందనుకోండి. నడక ఒకటే అయితే ఆ పల్లవిని మూడో చరణం దగ్గర నుంచి తెచ్చి అతికించవచ్చు. నడక మారితే అతుకు కనిపిస్తుంది. క్లిక్ వల్ల ఇన్ని సౌకర్యాలున్నాయి, కాదనను.

అయితే అన్ని పాటలూ ఒకే నడకలో సాగేవి కావే! పెళ్లిలో మాంగల్యధారణ వేళకు పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే డోలు ఎలా ఉరుముతుంది? అప్పటిదాకా నింపాదిగా సాగిన మేళం ఒక్కసారిగా పరవళ్లు తొక్కుతుంది. అక్కడ టిక్కు టిక్కు పెట్టి "ఇంతే వాయించు" అంటే ఆ ముహూర్తానికి నిండుదనం ఉంటుందా? మన రాయలసీమ చెక్కభజన చూడండి, కోలాటం చూడండి. మెల్లగా మొదలై, అడుగు కలిసేకొద్దీ వేగం పెరిగి, చివరికి చూసేవాళ్ల కాలు కూడా ఆగకుండా చేస్తాయి. మా పాటను ఆ అబ్బాయి ఒకే నడకలో కట్టేసేసరికి అందులోని ప్రాణం పోయింది. మేము తప్పు పాడి కాదు, పాట ముందుకు పోవలసిన చోట పోనివ్వక.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ముందుకు పోవడమంతా మంచిదేనని అనుకోకండి. సంగీతం నేర్చిన పెద్దలు కాలప్రమాణం అంటారు. ఎత్తుకున్న నడకను చివరిదాకా నిలపడం గొప్ప విద్య. మైకు చూడగానే గుండె దడదడలాడి పాట తొందరపడితే అది పరుగు. అందరం అనుకుని, ఒకరినొకరు చూసుకుని వేగం పెంచితే అది ఊపు. పరుగు దోషం, ఊపు గుణం. క్లిక్కుకు ఈ తేడా తెలియదు. రెండింటినీ తప్పనే చూపిస్తుంది. ఆ తేడా తెలిసినవాళ్లం మనమే కనుక, నిర్ణయం మనమే చేయాలి.

వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు మనం చేసేది ఇదే కదండీ? మెలికల ముగ్గుకు చుక్కలు పెట్టి తీరాలి, ఒక్క చుక్క తప్పినా ముగ్గు మూసుకోదు. తీగెలూ పువ్వులూ వేసే ముగ్గుకు చుక్కలు అక్కర్లేదు, చెయ్యి పోయిన దారే అందం. చుక్కలు గొప్పవా కాదా అని మనం వాదించుకోం. ఈరోజు ఏ ముగ్గు వేస్తున్నామో చూసుకుంటాం.

కనుక స్టూడియోకు వెళ్లే ముందు ఈ కొద్ది పనులూ ఇంట్లోనే చేసుకోండి. మీ పాటను మామూలుగా పాడి సెల్‌ఫోనులో పట్టండి. గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి నాలుగుతో గుణించండి. పద్దెనిమిది పడితే మీ నడక 72 అన్నమాట. పాట మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఇలా లెక్కించండి. మూడూ ఇంచుమించు ఒకటే అయితే ఆ పాటకు క్లిక్ పెట్టించుకోవచ్చు. మొదట 72, చివర 108 వచ్చిందనుకోండి. అది అనుకుని పెంచిందేనా, అదుపు తప్పిందా అని మీలో మీరు నిజాయితీగా తేల్చుకోండి. అదుపు తప్పిందైతే ఫోనులో మెట్రోనోము పెట్టుకుని వారం రోజులు సాధన చేయండి. సాధనకు అది మంచి గురువే. అనుకుని పెంచిందైతే ఆ సంగతి రికార్డు చేసేవారికి ముందే చెప్పండి.

చెబితే వాళ్లకు రెండు దారులున్నాయి. క్లిక్కునే పాటతోపాటు మెల్లమెల్లగా పెంచుతూ పోవచ్చు. లేదా, మొదట అందరూ క్లిక్ లేకుండా పాడేశాక, ఆ పాట నడకను బట్టి కంప్యూటరులో టిక్కులను తరువాత అమర్చవచ్చు. కీబోర్డు, వేణువు కలిపేవాళ్లు అప్పుడు ఆ టిక్కుల మీద వాయిస్తారు. అంటే మనం యంత్రం వెంట పోకుండా యంత్రమే మన వెంట వస్తుంది. ఇందుకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఖర్చు ఎంతో ముందే అడగండి. ఇంకొక్క మాట. హెడ్‌ఫోను చెవికి వదులుగా ఉంటే టిక్కు శబ్దం మైకులోకి దూరుతుంది. ఆ చప్పుడు చెవికి గుచ్చుకుంటుంటే దానికి బదులు డోలక్ దెబ్బ పెట్టమనండి, పెడతారు.

రెండు నెలల తరువాత మేము మళ్లీ వెళ్లాం. ఈసారి పెద్దమ్మను గుండ్రంగా మా మధ్య కూర్చోబెట్టాం. హెడ్‌ఫోన్లు లేవు, టిక్కు లేదు. ఆమె చిడతలు, ఒక డోలక్, మా గొంతులు, అంతే. రెండోసారికే పాట పూర్తయింది. టిక్కులు అమర్చుకోవడం, కీబోర్డు కలపడం ఆ తరువాత పనులు. అన్నీ అయ్యాక విని, "ఈసారి దానికి మన మాట వినపడిందా నాయనా?" అని అడిగింది పెద్దమ్మ. "వినపడింది పెద్దమ్మా" అన్నాడా అబ్బాయి నవ్వుతూ.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు మన పెద్దలు. తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, నిజమే. బిడ్డ అడుగు చూసి తన అడుగు కూడా మార్చుకుంటాడు. యంత్రం ఆ మొదటి పని మాత్రమే చేయగలదు. రెండోది బృందంలో ఒకరికొకరం చేసుకోవలసిందే. మీ పాట రికార్డు చేయించే రోజున ఈ సంగతి గుర్తుంచుకుని, "క్లిక్ పెట్టమంటారా?" అని అడిగినప్పుడు, ఏ పాటకో చూసుకుని జవాబు చెప్పండి.